నాడి అందని చెయ్యి

మీ కుడిచేతి మూడు వేళ్లను ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపున ఆనించి చూడండి. టక్ టక్ మని కొట్టుకుంటోంది కదూ! ఇప్పుడు చేతులు మార్చి చూడండి. మామూలుగా రెండు చేతుల్లోనూ నాడి ఒకేలా ఆడుతుంది. ఒక చేతిలో బాగా ఆడుతూ, రెండో చేతిలో అసలు అందకపోతే? అలాంటి జబ్బు ఒకటుంది. దాని పేరు తకయాసు వ్యాధి.

1908లో మికితో తకయాసు అనే జపాను కంటివైద్యుడు 21 ఏళ్ల యువతి కంటి లోపలి పొర మీద రక్తనాళాలు దండలా చుట్టుకుని ఉండడం గమనించి, ఆ సంగతి తోటి వైద్యులకు చెప్పాడు. అది విన్న మరో ఇద్దరు డాక్టర్లు తాము చూసిన ఇలాంటి రోగులకు మణికట్టు దగ్గర నాడి అందలేదన్నారు. కంటికీ చేతికీ ఏమిటి సంబంధం?

తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ నీళ్లు పెద్దకాలువలో పడి, పిల్లకాలువలుగా చీలి మీ పొలాలకు వస్తాయి. బ్యారేజి నిండుగా ఉన్నా, పైన ఎక్కడో కాలువ పూడిపోతే శివారు చేలు ఎండవూ? గుండె నుంచి బయలుదేరే పెద్దకాలువ బృహద్ధమని. చేతులకూ, తలకూ, మూత్రపిండాలకూ పోయే ధమనులు దాని నుంచే చీలతాయి. ఈ జబ్బులో వాటి గోడలు వాచి, దళసరెక్కి, లోపలి దారి ఇరుకవుతుంది.

ఆ పని చేసేది బయటి క్రిములు కావు. మనల్ని కాపాడవలసిన రక్షక కణాలే సొంత రక్తనాళాల మీద పడతాయి. ఎందుకు పడతాయో ఇంకా తేలలేదు. ఇది అంటువ్యాధి మాత్రం కాదు, చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మందిలో ఏ ఒకరిద్దరికో కొత్తగా వస్తుంది. ఎక్కువగా 40 ఏళ్ల లోపు స్త్రీలకు.

మొదట్లో కాస్త జ్వరం, నీరసం, బరువు తగ్గడం. జడ వేసుకునేసరికి చెయ్యి పీకేస్తుంది. “సరిగ్గా తినదు, అందుకే నీరసం” అని ఇంట్లోవాళ్లు సరిపెట్టేస్తే, జబ్బు లోపల్లోపలే ముదురుతుంది.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. మన దేశపు రోగులలో చాలామందికి మూత్రపిండాల ధమనులు ఇరుకై రక్తపోటు పెరుగుతుంది. కాని ఇరుకైన చేతికే పట్టీ చుట్టి కొలిస్తే తక్కువగానే కనిపిస్తుంది! శివారు బోదెను చూసి బ్యారేజి మట్టం చెప్పినట్టన్నమాట. అందుకే డాక్టర్లు రెండు చేతులకూ, అవసరమైతే కాలికీ కొలుస్తారు.

వాపును అణచడానికి మొదట స్టెరాయిడ్లు ఇస్తారు. వాటికి తోడుగా వాడే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. వారానికి ఒక్కసారే, డాక్టరు చెప్పిన మోతాదులో తీసుకోవాలి. రోజూ మింగితే ప్రాణాపాయం. ఈ మందు పుట్టింది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో. అక్కడ పరిశోధనలు నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లో కన్నుమూశాడు. రక్తనాళాల వాపుకు కూడా అది పనికొస్తుందని తెలిసింది ఎన్నో ఏళ్ల తరవాత.