దుంగల మీద బరువు జారకుండా ఉండాలంటే...

సూళ్లూరుపేట: తీరగ్రామాల్లో బరువులు కదిలించడం ఎప్పుడూ ఉండే పనే. పడవను ఒడ్డెక్కించాలన్నా, ఆయిలింజనును షెడ్డులోకి చేర్చాలన్నా, బియ్యం మిల్లు యంత్రాన్ని లారీ నుంచి దించాలన్నా ముందు గుర్తొచ్చేవి సరుగుడు దుంగలు. నాలుగు దుంగలు కింద వేస్తే పదిమంది మోయలేని బరువు ఇద్దరు తోసినా నడుస్తుంది. అది జారిందంటే మాత్రం కాళ్లూ వేళ్లూ నలుగుతాయి. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

బరువును నమ్మరాదు

'ఇంత బరువు ఎక్కడికి పోతుందిలే' అనుకోవడం పొరపాటు. వాలు మీద బరువు పెరిగితే అదిమే బలం పెరుగుతుంది. కిందికి లాగే బలమూ అంతే పెరుగుతుంది. అందువల్ల అర టన్ను పెట్టె జారే వాలులో అయిదు టన్నుల యంత్రమూ జారుతుంది. తేల్చేది రెండు ఉపరితలాల మధ్య రాపిడి, అంటే పట్టు.

ఈ పట్టుకు లెక్క ఉంది. గ్రీజు అంటిన ఇనుము మీద ఇనుముకు అది సుమారు 0.1. అంటే పది అడుగులకు ఒక అడుగు వాలు వస్తే చాలు, జారిపోతుంది. పొడి కొయ్య మీద కొయ్యకు 0.25 నుంచి 0.5 వరకు ఉంటుంది. పొడి సిమెంటు మీద రబ్బరుకు 0.6 పైమాటే.

రాకెట్టు, రైలు చెప్పే పాఠం

పక్కనున్న శ్రీహరికోటలో ఎల్‌వీఎం-3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. దాన్ని నిలబెట్టిన పీఠం ఉక్కు పట్టాల మీద చక్రాలతో ప్రయోగ వేదికకు చేరుతుంది. ఉక్కు మీద ఉక్కు సులువుగా దొర్లుతుంది, కానీ పట్టు తక్కువ. వాన పడితే మరీ తక్కువ. అందుకే మన ఊరి మీదుగా పోయే రైలింజన్లలో ఇసుక పెట్టెలుంటాయి. చక్రం జారితే పట్టాల మీద ఇసుక వదులుతారు.

ఇది చూసి దుంగల కింద ఇసుక చల్లరాదు. అక్కడ చక్రం ఇసుకను నలిపి పట్టు తెస్తుంది. గట్టి నేల మీద చల్లిన వదులు ఇసుక గోలీల్లా దొర్లి మనిషినే పడేస్తుంది.

ఏది వాడాలి?

అందుబాటులో ఉన్నవాటిలో రబ్బరు మేలు. పాత లారీ టైరు ముక్క, ట్యూబు పట్టీ బరువుకూ దుంగకూ మధ్య పరచవచ్చు. బొగ్గు మోసే కన్వేయరు బెల్టు జారకుండా దాన్ని తిప్పే డ్రమ్ముకూ రబ్బరు తొడుగే వేస్తారు. నీరు పోవడానికి ఆ తొడుగుకు గాళ్లు పెడతారు. తడి, నూనె అంటితే రబ్బరు పట్టు తప్పుతుంది. ముందు తుడవాలి.

రబ్బరు లేకపోతే పొడి గోనె పట్టా వాడవచ్చు. పచ్చి దుంగకు బెరడు ఊడి జిగురుగా జారుతుంది. బెరడు తీసి ఎండిన దుంగనే వాడాలి. గ్రీజు ఇరుసుకే గాని దుంగకు పనికిరాదు.

వాడేముందు పరీక్ష సులువు. పలక మీద రబ్బరు పరచి, దాని మీద యంత్రం అడుగున ఉన్నలాంటి ముక్క పెట్టి పలక ఒక కొన మెల్లగా ఎత్తాలి. ముక్క జారిన చోట పలక ఎత్తును, నేల మీద పలక ఆక్రమించిన దూరంతో భాగిస్తే పట్టు లెక్క వస్తుంది. మీ వాలు అంతకంటే బాగా తక్కువగా ఉండాలి.

జారకపోయినా దొర్లుతుంది

ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. రబ్బరు వేస్తే బరువు దుంగ మీద జారదు, పక్కకూ తప్పుకోదు. కానీ దుంగతోపాటు దొర్లడం ఆగదు. దానికి అడ్డుదిమ్మ కావాలి. శ్రీకాళహస్తి రథోత్సవంలో చక్రాల కింద కొయ్యదిమ్మలు పెట్టి రథాన్ని అదుపు చేయడం అందరూ చూసిందే. దిమ్మ అడుగున టైరు ముక్క మేకులతో కొడితే, దిమ్మే జారిపోయే భయం తగ్గుతుంది. మేకు తల పైకి రాకుండా లోపలికి దిగ్గొట్టాలి.

వాలులో దించేటప్పుడు మోకును చేతులతో పట్టి ఆపలేరు. గట్టిగా పాతిన గుంజకు రెండు చుట్లు వేసి మెల్లగా వదలాలి. పట్టు 0.3 ఉంటే రెండు చుట్లకు లాగుడు సుమారు నలభయ్యో వంతుకు తగ్గుతుంది. చుట్లు పెరిగేకొద్దీ ఆపే బలం రెట్టింపుల లెక్కన పెరుగుతుంది.

దుంగ మార్చేటప్పుడు ఇద్దరు అడ్డుదిమ్మలతో సిద్ధంగా ఉండాలి. ఆజ్ఞ ఒక్కరే ఇవ్వాలి. దిమ్మకు బదులు కాలు పెట్టరాదు. అన్నిటికంటే ముందు, బరువుకు దిగువ వైపున ఎవరూ నిలబడరాదు. టైరు ముక్కకు, రెండు దిమ్మలకు అయ్యే ఖర్చు ఏపాటిది? విరిగిన కాలు ఇంటిల్లిపాదికీ పస్తులు తెస్తుంది.