ఎర్ర ముక్క ఇట్లియ్యి రా

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఇక్కడిదే. పక్కనున్న ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు. ఈ పక్క ఇళ్లలో పాత చీరలు బొంతలవుతాయి.

అట్లాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. అవ్వ ఎర్ర ముక్క, ఆకుపచ్చ ముక్క మార్చిమార్చి పేరుస్తోంది. "ఆ ఎర్రది ఇట్లియ్యి రా" అంటే మనవడు ఆకుపచ్చది తీసిచ్చాడు. "కండ్లు కనపడవా ఏమి రా?" అని కసిరింది. పిల్లవాడి చూపు బాగానే ఉంది. రెండు ముక్కలూ వాడికి ఒకే మట్టిరంగులో ఉన్నాయంతే.

కంటి రెటీనాలో రంగులు పట్టే కోన్ కణాలు మూడు రకాలు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసే రెండు రకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగపిల్లవాడికి అది ఒక్కటే, అదీ తల్లి నుంచే. అందుకే తల్లివైపు తాతకున్న, ఎరుపు ఆకుపచ్చలు వేరు తెలియని వర్ణాంధత్వం తల్లిలో బయటపడకుండా దాటి, ఆమె కొడుకులో తేలవచ్చు. ఐరోపా మూలాల మగవాళ్లలో నూటికి సుమారు 8 మందికి ఇది ఉంది.

రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్‌కూ ఉండేది. పగలు ఆయనకు నీలంగా కనిపించే జెరేనియం పువ్వు కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించింది. 1794లో దీనిమీదే వ్యాసం చదివాడు. దాచిన ఆయన కంటి నుంచి తీసిన డీఎన్ఏను 1995లో పరీక్షిస్తే, ఆకుపచ్చ కోన్‌కు సంబంధించిన లోపమని తేలింది.

డాల్టన్ పువ్వు నేర్పే పాఠం బట్టలకొట్లోనూ పనికొస్తుంది. ట్యూబులైటు కింద నచ్చిన ముక్కను గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూడాలి. అంతకన్నా ముఖ్యం, రంగు పేరును కాసేపు పక్కనపెట్టడం. మన భాషలోనే పసుపూ పచ్చే, ఆకూ పచ్చే కదా! బొంత అందం చాలామటుకు ముదురు లేతల తేడాలో ఉంటుంది, ఆ తేడా వర్ణాంధత్వమున్న కళ్లకూ అందుతుంది. ముక్కలన్నీ పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి బయటపడతాయి. ఎరుపు విషయంలో మాత్రం ఫొటోనే నమ్ముకోకూడదు. ఎర్ర కోన్ పనిచేయనివాళ్లకు ముదురెరుపు దాదాపు నల్లగా ఉంటుంది. నీలం పక్కన పసుపు వేస్తే ఎక్కువమందికి ఇబ్బంది రాదు. ఊదా పక్కన నీలం, గులాబీ పక్కన బూడిదరంగు మాత్రం వద్దు.

అవ్వకు ఎరుపూ ఆకుపచ్చే కావాలంటే మానక్కర్లేదు. ఎర్రది గళ్లదీ, ఆకుపచ్చది చుక్కలదీ తీసుకుంటే సరి. "గళ్లది ఇట్లియ్యి రా" అంటే వాడు తడుముకోడు.