గ్రామ కవిలెలు: ప్రతుల వలన నిలిచిన చరిత్ర



మన జైపూరు ప్రాంతపు గోదావరీలోయలో బొగ్గుపొరల నడుమ ఆకుల యచ్చులు కానవచ్చును. అవి ఇరువదియైదుకోట్ల యేండ్లకు మించిన నాటివి. ఆ ఆకులను ఏ లేఖకుడును కాపాడలేదు, భూమియే కాపాడినది. మన పూర్వులు గంటముతో వ్రాసిన తాటాకునకు అట్టి భాగ్యము లేదు. చెమ్మయు, చెదలును దానిని కొన్ని తరములలోనే తినివేయును. కావున తాటాకుమీది వ్రాత నిలువవలెనన్న, ఒకరు మరల వ్రాయవలసినదే.

పూర్వము గ్రామకరణములు కవిలెలను ఉంచెడివారు. అడవి కొట్టి యూరు కట్టినదెవ్వరు, చెరువు త్రవ్వించినదెవ్వరు, దేవునికి మాన్యమిచ్చిన ప్రభువెవ్వడు అను సంగతులు వానిలో నుండెడివి. ఆకులు జీర్ణింపగా తరువాతివారు క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాసికొనెడివారు.

కర్నల్ కాలిన్ మెకంజీ ఇట్టి వృత్తాంతములను సేకరింపించెను. ఏలూరివారైన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్యలు అతనికి కుడిభుజములు. బొఱ్ఱయ్య 1803లో చనిపోగా లక్ష్మయ్య ఆ పని సాగించెను. కవిలెలను చూచియు, పెద్దలనడిగియు కాగితములపై వ్రాసిన ఆ వృత్తాంతములే కైఫీయతులు. మెకంజీ 1821లో మరణించెను. 1828లో విల్సను ఆ సంచయమునకు పట్టిక ప్రకటించెను. అయినను కాగితమును శాశ్వతము కాదు. అవి శిథిలమగుట చూచి సి. పి. బ్రౌను క్రొత్త ప్రతులు వ్రాయించెను. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరిన ఆ ప్రతుల వలననే పెక్కు గ్రామముల కథ మనకు దక్కినది.

ఐరోపాలోను ఇదియే గతి. బీడు అను సన్న్యాసి 731లో లాటినున ముగించిన ఆంగ్లేయ మతచరిత్రకు నేడు 150కి పైగా వ్రాతప్రతులు కలవు. మఠములలో మరల మరల వ్రాయుటచేతనే అది బ్రతికినది.

అయితే ప్రతి రక్షించును, మార్చును గూడ. మన లిపిలో ప, వలును, మ, యలును ఒకదానివలె నొకటి తోచును. ఒకే మాట రెండు పంక్తుల చివర నున్నయెడల కన్ను జాఱి నడిమి పంక్తి పోవును. శకాంకము విడిచి "విరోధి సంవత్సరము" అని మాత్రమే వ్రాసిన, అది 1709లో మొదలైనదో, 1769లో మొదలైనదో తేలదు. అఱువదియేండ్ల కొకసారి ఆ పేరే వచ్చును. కనుక రెండవ ప్రతి దొరకినపుడు రెంటిని పోల్చి చూడవలెను.

జీర్ణించిన ఆకులను నదిలో కలుపుట పుణ్యమని తలచువారు కలరు. మీ యటుకపై అట్టి కట్ట యుండిన, దయచేసి గోదావరికి ఈయకుడు. ముందు ఛాయాచిత్రములు తీయింపుడు. ఎత్తి వ్రాయుచో చినిగిన చోట చినిగినదనియే వ్రాయుడు, ఊహించి పూరింపకుడు. ఎప్పుడు, ఏ ప్రతిని చూచి వ్రాసితిరో చివర తెలుపుడు. ఆకును ఱాతిపై నిలుపుట ప్రకృతి పని. అక్షరమును తరువాతి తరమునకు అందించుట మన పని.