ఎవరూ చూడని లెక్క

1998లో హైదరాబాద్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో నాయకత్వమంటే ఎదుగుదలే అన్న అభిప్రాయం నాటుకుపోయింది. ఎంతమందికి ఉద్యోగాలిచ్చారు, ఎన్ని దేశాల్లో కార్యాలయాలు తెరిచారు, మూడు నెలలకోసారి ఎంత లాభం చూపారు అన్నవే దానికి కొలమానాలయ్యాయి. వాటన్నింటిలోనూ నెగ్గిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చైర్మన్ బైర్రాజు రామలింగరాజు 2009 జనవరి 7న డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాసి, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకోవడంతో ఆ కొలమానాలే కూలిపోయాయి.

ఆ లేఖలో ఈ పెద్ద సంఖ్య కంటే మరో వివరం ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో నిర్వహణ లాభం, అంటే రోజువారీ వ్యాపారంలో ఖర్చులు పోగా మిగిలేది, 649 కోట్లని ప్రకటించారు. నిజానికి మిగిలింది 61 కోట్లు. మొదట్లో స్వల్పంగా ఉన్న తేడాయే ఏళ్లు గడిచేకొద్దీ పూడ్చలేనంతగా పెరిగిందని లేఖే చెబుతోంది. దర్యాప్తులో సీబీఐ 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లను, అంటే ఖాతాదారులకు పంపినట్లు చూపిన దొంగ బిల్లులను గుర్తించింది. బిల్లుల కంప్యూటర్ వ్యవస్థలో ‘హెచ్’ గుర్తు పెట్టిన బిల్లు ప్రాజెక్టు విభాగాల వారికి కనిపించేది కాదు, ఆదాయంలోకి మాత్రం చేరేది. ఏ బృందం పేరిట ఆ పని చూపారో ఆ బృందానికే దాని సంగతి తెలియదు.

ఇదే రామలింగరాజు కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ స్థాపించి పల్లెల్లో మంచినీరు, వైద్యం అందించే పనికి పూనుకుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైందీ వారి చొరవతోనే. ఆ సేవ ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది, 2009లో జీవీకే సంస్థ చేతికి మారినా ఆగలేదు. అందువల్ల ఆ దాతృత్వమంతా ముసుగేనని కొట్టిపారేయడం తేలికే గానీ న్యాయం కాదు. నిజంగా మేలు చేసిన మనిషే లెక్కలు మార్చగలడన్నది మింగుడుపడని విషయం. నలుగురూ చూసే చోట చేసిన మంచి, ఎవరూ చూడని చోట ఆడిన అబద్ధానికి జమ కాదు.

అడ్డు చెప్పవలసిన స్థానంలో ఉన్నవారూ చెప్పలేకపోయారు. రాజు కుటుంబీకులకు చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనను 2008 డిసెంబరు 16న బోర్డు ఆమోదించింది; యాజమాన్యంతో సంబంధం లేకుండా వాటాదారుల మేలు కాపాడవలసిన స్వతంత్ర డైరెక్టర్లూ తల ఊపారు. వాటాదారులు ఎదురు తిరగడంతో గంటల్లోనే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నారు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులను నింపే చివరి ప్రయత్నం అదేనని తర్వాత లేఖతో తెలిసింది.

ఎవరూ చూడని చోట లెక్క తప్పకపోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే, హైటెక్ సిటీ ఉద్యోగులు భక్తితో వెళ్లే ఉస్మాన్‌సాగర్ సమీపంలోని చిలుకూరు బాలాజీ గుడిని తలచుకోక తప్పదు. వీసా కోసమో ఉద్యోగం కోసమో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక 108 చేసి మొక్కు చెల్లించడం అక్కడి ఆచారం. ఆ గుడిలో హుండీ లేదు. అంకెలు అచ్చువేసిన చిన్న కాగితం చేతపట్టుకుని, చుట్టుకొక గుర్తు పెట్టుకుంటూ భక్తులు తిరుగుతుంటారు. వంద దగ్గర ఆగిపోయినా అడిగేవారు లేరు, అయినా కాళ్లు పీకుతున్నా మిగిలిన ఎనిమిదీ పూర్తి చేస్తారు. ఆడిట్, అంటే బయటి నిపుణులు చేసే ఖాతాల తనిఖీ, ఎంత కట్టుదిట్టంగా ఉన్నా, అడిగేవారు లేకున్నా లెక్క తప్పని ఈ గుణం లేని లోటును తీర్చలేదు.

సత్యంలో ఆ గుణం పూర్తిగా కరువైందనడం అక్కడి సుమారు 53,000 మంది ఉద్యోగులకు అన్యాయం చేయడమే. లెక్కలు అబద్ధమైనా వారు రాసిన ప్రోగ్రాములు నిజం, రాత్రి షిఫ్టుల్లో వారు తీర్చిన చిక్కులు నిజం. ఖాతాదారుల్లో చాలామంది వెంటనే వెళ్లిపోకపోవడానికి ఆ పనిపై ఏర్పడిన నమ్మకమే ముఖ్య కారణం అనిపిస్తుంది. పాత బోర్డును రద్దు చేసిన కేంద్ర ప్రభుత్వం కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను, ఆ వెంటనే మరో ముగ్గురిని నియమించింది. వారు సంస్థ నడవడానికి 600 కోట్ల రూపాయల రుణం సమకూర్చి, 2009 ఫిబ్రవరిలో సంస్థలోనే ఎదిగిన ఏ.ఎస్. మూర్తికి సీఈఓ బాధ్యత అప్పగించారు. బయటి నుంచి పేరున్నవారిని తేకుండా లోపలివారిని నమ్మిన ఈ నిర్ణయానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. ఏప్రిల్‌లో సంస్థ కోసం జరిగిన వేలంలో షేరుకు 58 రూపాయల ధరతో టెక్ మహీంద్రా నెగ్గింది.

2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజు సహా పది మందిని దోషులుగా తేల్చగా, మరుసటి నెలలో పై కోర్టు శిక్ష అమలును నిలిపివేసింది. అంతకు చాలా ముందే, 2010 సెప్టెంబరులో, కొత్త యాజమాన్యం సరిచేసిన ఖాతాలను బయటపెట్టి, 2008-09లో నికర నష్టం సుమారు 8,177 కోట్ల రూపాయలని ప్రకటించింది. అంత నష్టాన్ని బాహాటంగా ఒప్పుకున్నాక కూడా సంస్థ మూతపడలేదు. 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో విలీనమయ్యే దాకా తన కాళ్లపై తాను నడిచింది.