మూడు జిల్లాలు, తొమ్మిది కిలోమీటర్లు

పుదుచ్చేరిలో పాత ఫ్రెంచి వీధుల గుండా పొద్దున్నే గైడు ముందు, పర్యాటకులు వెనక సైకిళ్ల మీద సాగిపోవడం మామూలు దృశ్యం. అక్కడ చూడాల్సినవన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. సముద్రపు ఒడ్డు రోడ్డు మీద సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 7.30 వరకు వాహనాలు రానివ్వరు. చరిత్ర విషయంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు లోటేమీ లేదు. కృష్ణ, తుంగభద్ర ఉన్నాయి కనుక నీటి ఒడ్డుకూ కొదవ లేదు. మరి అలాంటి సైకిల్ యాత్ర ఇక్కడ నడుస్తుందా? నడుస్తుంది, కానీ లెక్క వేరు.

5 సంస్థానాలు

నిజాం రాజ్యంలో 14 సంస్థానాలు ఉండేవి. వాటిలో ఐదు నేటి ఈ మూడు జిల్లాల్లోనే ఉన్నాయి: గద్వాల, వనపర్తి, అమరచింత, గోపాలపేట, కొల్లాపూర్ కేంద్రంగా సాగిన జటప్రోలు. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. ఐదు రాజధానులంటే కోటలు, గడీలు, గుళ్లు, చెరువులు ఐదు చోట్ల పోగుపడ్డాయన్న మాట. పర్యాటకానికి ఇది బలం. సైకిలుకు మాత్రం ఇదే చిక్కు, ఎందుకంటే ఆ చోట్లు ఒకదానికొకటి దూరం.

గద్వాల నుంచి వనపర్తికి సుమారు 55 కిలోమీటర్లు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు దాదాపు 40. అలవాటు లేని మనిషి గంటకు 12 కిలోమీటర్లు తొక్కగలడు. ఆ లెక్కన మొదటి దూరానికే నాలుగున్నర గంటలు పడుతుంది. దారిలో ఏమీ చూడకుండా, ఎక్కడా ఆగకుండా వేసిన లెక్క ఇది.

9 కిలోమీటర్ల గీత

ఉదయపు యాత్రకు మూడు గంటలు సరిపడా సమయం. అందులో సగం ఆగి చూడటానికి, వినడానికి, టిఫినుకు పోతుంది. తొక్కడానికి మిగిలేది గంటన్నర, అంటే 18 కిలోమీటర్లు. వెళ్లి రావాలి కాబట్టి బయల్దేరిన చోటి నుంచి 9 కిలోమీటర్లు దాటకూడదు. ఏ గుడి యాత్రలో చేరుతుందో, ఏది చేరదో ఈ గీతే తేలుస్తుంది.

గద్వాల ఈ గీతలో హాయిగా ఇముడుతుంది. పెద సోమభూపాలుడు కట్టించిన కోట, కోటలోని చెన్నకేశవస్వామి ఆలయం, మగ్గాల వీధులు, జమ్మిచేడు జమ్ములమ్మ గుడి, కృష్ణ ఒడ్డున నది అగ్రహారం అన్నీ అందుబాటు దూరంలోనే ఉన్నాయి. గద్వాల చీరలో నూలు నేతకు పట్టు అంచు ఎలా కలుస్తుందో మగ్గం పక్కన నిలబడి చూస్తే పది నిమిషాల్లో అర్థమవుతుంది. నేతగాడి పని ఆగకుండా చూసుకోవాలి, ఆగితే దానికి తగ్గ కూలి యాత్ర ఖర్చులోంచే ఇవ్వాలి.

వనపర్తిలో రాజప్రాసాదం, నల్లచెరువు కట్ట పట్టణంలోనే ఉన్నాయి. శ్రీరంగాపురం రంగనాయకస్వామి ఆలయం, దాని పక్క చెరువు చూడాలంటే వనపర్తి నుంచి కాకుండా పెబ్బేరు నుంచి బయల్దేరాలి. అప్పుడైనా దూరం గీతకు కాస్త అటుగానే ఉంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో మంచి దారి కొల్లాపూర్ నుంచి సోమశిలకు. సుమారు 10 కిలోమీటర్లు వెళితే చివర కృష్ణ ఎదురొస్తుంది. ఈ రెండు దారులకూ మరో అరగంట కలుపుకోవాలి. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించి, రాయి రాయి విప్పి మళ్లీ కట్టిన గుళ్లు సోమశిలలో, జటప్రోలులో, అలంపూర్‌లో కనిపిస్తాయి. ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటి నవబ్రహ్మ ఆలయాలున్న అలంపూర్ గద్వాల జిల్లాలోదే అయినా, గద్వాల యాత్రలో ఇమడదు. దానికి వేరే ఉదయం కేటాయించాలి.

8 మందికి ఇద్దరు

ఒక జట్టులో ఎంతమంది ఉండాలి? ముందు గైడు, చివర ఒక తోడు, మధ్యలో 8 మంది, మొత్తం 10 సైకిళ్లు. ఒక్కో సైకిలు పొడవు సుమారు 1.8 మీటర్లు, మధ్య ఖాళీ 3 మీటర్లు అనుకుంటే వరుస 45 మీటర్లు సాగుతుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఆ వరుస ఒక చౌరస్తా దాటడానికి దాదాపు 14 సెకన్లు పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ అదే 14 సెకన్లలో 230 మీటర్లు వచ్చేస్తుంది. జట్టును 15 మందికి పెంచితే సైకిళ్లు 17, వరుస 79 మీటర్లు, దాటే సమయం 24 సెకన్లు, లారీ దూరం 400 మీటర్లు అవుతాయి. అంత దూరం కనిపించే చౌరస్తాలు మన ఊళ్లలో తక్కువ.

అందుకే శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిని యాత్రలో కలపకూడదు. ఎర్రవల్లి, బీచుపల్లి, పెబ్బేరు, కొత్తకోట దాని మీదే ఉన్నాయి. గద్వాల నుంచి వనపర్తి దాకా తొక్కాల్సిందేనన్న పట్టుదల ఉన్నవాళ్లు జూరాల ఆనకట్ట మీదుగా ఆత్మకూరు దారి పట్టవచ్చు. అది అలవాటున్న వాళ్ల దారి.

15 వారాలు

ఎండాకాలంలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో నల్లరేగడి దారులు చక్రాన్ని పట్టేస్తాయి. సోమశిల అందమంతా నీటిది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, వరదకు నిండిన జలాశయం వేసవి నాటికి బాగా వెనక్కి పోతుంది. నీరుండి ఎండ లేని కాలం నవంబర్ మొదలు ఫిబ్రవరి మధ్య వరకు. ఇది 15 వారాలు, శని ఆదివారాలు కలిపితే 30 ఉదయాలు. డిసెంబరులో సూర్యోదయం 6.40 ప్రాంతంలో కనుక 6.45కు బయల్దేరి 9.45కు ముగించవచ్చు. మనిషికి గంటకు అర లీటరు చొప్పున 10 మందికి 15 లీటర్ల నీళ్లు కావాలి.

500 రూపాయలు

ఖర్చు చూద్దాం. ఇది అంచనా, ఎవరి ధరల పట్టికా కాదు. సైకిలు 12,000 చొప్పున పదింటికి 1,20,000. మూడేళ్లు, ఏడాదికి 30 యాత్రలు తిరిగితే యాత్రకు 1,333. గైడుకు 1,000, చివరి తోడుకు 600, పంక్చర్లు, మరమ్మతులకు 300, పది మంది టిఫినుకు 800. మొత్తం 4,033 రూపాయలు. 8 మంది వస్తే తలకు 504. నలుగురే వస్తే టిఫిను ఖర్చు తగ్గినా తలకు 928 పడుతుంది. భారమంతా ఖాళీ సీట్లదే. అవే సైకిళ్లు మిగతా రోజుల్లో అద్దెకు తిరిగితే ఈ భారం తేలికవుతుంది.

2 గేట్లు

గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. రాజుల గదులు తరగతి గదులయ్యాయి, అది మంచిదే. కాబట్టి పర్యాటకుడికి అనువైన రోజు ఆదివారం. అయితే గేటు ఎవరు తెరుస్తారో ముందే తేలాలి.

దారి చూపించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. 1995లో బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో గని ఇంజనీరు హ్యూగో బొల్లెన్ సైకిల్ దారుల కూడళ్లకు నంబర్లు పెట్టించాడు. తర్వాత ఆ పద్ధతి నెదర్లాండ్స్ అంతటా పాకింది. నంబర్లు రాసుకుంటే చాలు, పటం చూడకుండా తిరగవచ్చు.

జిల్లా పర్యాటక అధికారులు, ఆ రెండు కళాశాలల యాజమాన్యాలు చేయాల్సింది ఇంతే: నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఆదివారాలు ఉదయం 7 నుంచి 10 వరకు గేట్లు తెరవాలి, కూడళ్లలో నంబరు పలకలు పాతాలి. రావాలనుకునే వాళ్లకు ఒక మాట: మూడు జిల్లాలూ ఒకే విడతలో చుట్టేయాలనుకోకండి. ఒక ఊరిని ఒక ఉదయం తొక్కండి, ఊరి నుంచి ఊరికి బస్సెక్కండి.