బోరుబండికి సమతలం

నీరు పల్లమెరుగునని పెద్దల మాట. రాయలసీమలో చాలాచోట్ల ఆ పల్లం నేడు వందల అడుగుల లోతునకు దిగిపోయింది. కర్నూలు, కడప ప్రాంతాలలో ఎండలు ముదరగానే పొడవైన ఇనుప స్తంభాన్ని వీపున మోసుకొని చేలగట్ల వెంట సాగే లారీలు కనిపిస్తాయి. వీటినే జనులు రిగ్గులనీ, బోరుబండ్లనీ అంటారు. లారీ చట్రంపై రిగ్గును బిగించే పనికి తమిళనాడులోని తిరుచెంగోడు పేరుపొందింది. బండి చేనిలో నిలిచినది మొదలు రైతు దృష్టి అంతా నేలలోకి దిగే సుత్తి మీదనే ఉంటుంది. కాని బోరు నిలువుగా దిగుతుందా, వంకరపోతుందా అన్నది చాలావరకు అంతకు ముందే, బండిని సమతలంగా నిలిపే కొద్ది నిమిషాలలోనే తేలిపోతుంది.

చేను ఎన్నడూ పూర్తి చదునుగా ఉండదు. బండి ఎంత ఒరిగితే దానిపై నిలిపిన స్తంభమూ అంతే ఒరుగుతుంది. ముందు జాకీకీ వెనుక జాకీకీ నడుమ 15 అడుగుల దూరమున్నదనుకొందాం. వాటి ఎత్తులో 3 అంగుళాల తేడా ఉంటే వాలు దాదాపు 1 డిగ్రీ. కంటికి ఆనని వాలు ఇది. ఆ వాలుతోనే సాగిన బోరు 100 అడుగుల లోతున అడుగుముప్పావు, 500 అడుగుల లోతున 8 అడుగులకు పైగా ప్రక్కకు జరుగుతుంది. నిజానికి కడ్డీల బరువు బోరును మరల నిలువునకు లాగుతుంది కనుక మధ్యలో వంపు ఏర్పడుతుంది. ఆరున్నర అంగుళాల బోరులో మోటారు దిగనిరాకరించేది, దిగినా పైకి రాక ఇరుక్కొనేది ఆ వంపులోనే. అప్పు తెచ్చి బోరు వేయించిన రైతుకు నీరు పడియు దక్కకపోవడం కంటె వేరే నష్టమేమున్నది?

బండిని సరిచేసే సాధనం నూనె ఒత్తిడితో పనిచేసే జాకీ. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ఒత్తిడి పుట్టించే ముషలకం కంటె భారమెత్తే ముషలకం వైశాల్యం పది రెట్లయితే బలమూ పది రెట్లవుతుంది. జాకీలను లారీ చట్రపు దూలాలకే బిగించాలి. పైనున్న రేకుల తొడుగుకు కాదు. టైర్లు, కమానులు సుత్తి అదురుకు ఊగుతాయి. బరువు జాకీల మీదికి మారితేనే బండి కదలక నిలుస్తుంది.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపై ఊగదు. నాలుగు కాళ్ళ మంచం ఊగుతుంది. మూడు బిందువులు ఒకే తలాన్ని నిర్ణయించడం దీనికి కారణం. నాలుగు జాకీలున్న బండిలో ఏదో ఒకదానిని అతిగా లేపితే చట్రం మెలిపడుతుంది. అందుచేత జాకీలను జతలుగా కదిలించి, ముందువెనుకల వాలును ఒకమారు, కుడియెడమల వాలును మరొకమారు సరిచేయడం మేలు. రేగడి నేలలో మరొక చిక్కున్నది. తడిసిన రేగడిలో జాకీ పాదం క్రుంగిపోతుంది. చదరపు అడుగు పాదం క్రింద నాలుగు చదరపు అడుగుల దళసరి చెక్కను పరిస్తే నేలపై పడే ఒత్తిడి నాలుగోవంతుకు తగ్గుతుంది. అయినా అదురుకు ఒక ప్రక్క దిగవచ్చును కనుక పని నడుమ ఒకటి రెండు మార్లు ఆపి చూడక తప్పదు.

చూచేందుకు తాపీమేస్త్రి చేతిలోని రసమట్టం చాలు. పేరులో రసమున్నా గాజుగొట్టంలో ఉండేది సాధారణంగా స్పిరిట్టు. అందులోని బుడగ ఎత్తైన వైపునకు జరుగుతుంది. దానిని స్తంభానికి రెండు ముఖాలపై, ఒకదానికొకటి లంబంగా ఆనించి చూడాలి. ఒక్క ముఖం చూచి తృప్తిపడితే సగమే చూచినట్లు.

విదేశాలలో ప్రజలు విహారానికి వాడే ఇంటిబండ్లకూ ఇట్టి జాకీలనే అమర్చుకొంటారు. అక్కడ వాటి అక్కర నిద్రకూ, ఫ్రిజ్జుకూ. అమ్మోనియా ద్రావణం తన బరువుతో గొట్టాలలో పారుతూ చల్లదనమిచ్చే రకపు ఫ్రిజ్జు, బండి ఎక్కువగా ఒరిగితే సరిగా పనిచేయదు. కొన్ని బండ్లలో మీట నొక్కగానే వాలును యంత్రమే గుర్తించి జాకీలను సర్దుకొంటుంది.

బండి సమతలంగా నిలిచినంత మాత్రాన బోరు తప్పక సూటిగా దిగుతుందనలేము. బెలుం గుహలను తొలిచిన సున్నపురాయి వంటి శిలలో బొరియ అడ్డుపడినా, వాలిన రాతిపొర తగిలినా సుత్తి దారి తప్పవచ్చును. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం చెరువునకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. బోరుబావికి అట్టి శాసనం చెక్కినవారు లేరు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం మాత్రం రిగ్గులు నమోదు కావాలన్నది. రసమట్టం ఆనించి చూడమని అడగడం చేనిగలవాని వంతు. అదీ స్తంభం లేచిన తరువాత, సుత్తి మొదటి దెబ్బకు ముందు.