పీహెచ్‌పీ ముగింపు ట్యాగు

పీహెచ్‌పీ ముగింపు ట్యాగు అనగా వెబ్ పేజీలో పీహెచ్‌పీ ఆదేశాలు ముగిసినవని, ఆ తరువాత ఉన్నది హెచ్‌టీఎంఎల్ అని సర్వరుకు తెలిపే గుర్తు. దీనిని ?> అని వ్రాస్తారు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన ఈ భాషను హెచ్‌టీఎంఎల్‌తో కలిపి ఒకే ఫైలులో వ్రాయవచ్చు. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో వ్రాయబడినదే.

పనిచేసే విధానం

ఆరంభ, ముగింపు ట్యాగుల నడుమ ఉన్న ఆదేశాలను సర్వరు అమలుచేసి, ఫలితాన్ని మాత్రమే బ్రౌజరుకు పంపుతుంది. ట్యాగుల వెలుపల ఉన్నదానిని, అది ఖాళీ స్థలమైనా సరే, ఉన్నదున్నట్లు పంపుతుంది. చిక్కులలో అధికభాగం ఇక్కడే పుడతాయి.

ఉదాహరణకు గుంటూరు మిర్చి యార్డు ధరలను చూపే పేజీ వ్రాస్తున్నామనుకుందాం. తేజ, 334, బ్యాడిగి మొదలైన రకాలకు ఒక్కొక్క వరుస చొప్పున పట్టిక రావాలి. వరుసను తెరిచే ట్యాగు, మూసే ట్యాగు రెండూ లూప్ లోపలే ఉండాలి. సెలవు దినమైతే పట్టికకు బదులు "నేడు యార్డుకు సెలవు" అని బొద్దు అక్షరాలలో చూపాలి. ఈ షరతు భాగంలో బొద్దు ట్యాగును మూయడం మరచితే, పేజీలో ఆపై ఉన్న పాఠమంతా బొద్దుగా మారుతుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగులతో పీహెచ్‌పీకి నిమిత్తం లేదు కనుక అది ఏ దోషమూ చూపదు. మామూలు రోజులలో పేజీ చక్కగానే ఉంటుంది. వేసవిలో యార్డు మూసినపుడు తప్పు బయటపడుతుంది. అందుచేత షరతులోని ప్రతి శాఖనూ విడిగా నడిపి చూడాలి.

వ్యాఖ్యలలో

// తో మొదలయ్యే వ్యాఖ్యలో ?> వచ్చినా పీహెచ్‌పీ భాగం అక్కడే ముగుస్తుంది. మిగిలిన వ్యాఖ్య పాఠకుల తెరపై ప్రత్యక్షమవుతుంది. అందులో సంకేతపదం వ్రాసుకున్నవారి గతి చెప్పనక్కరలేదు! /* */ నడుమ వ్రాసిన వ్యాఖ్యలకు ఈ ప్రమాదం లేదు.

ఫైలు చివర

పూర్తిగా పీహెచ్‌పీ మాత్రమే ఉన్న ఫైలు చివర ముగింపు ట్యాగును వ్రాయకపోవడమే మేలు. తెరిచినది మూయాలని నేర్చినవారికి ఇది వింతగా తోచవచ్చు. ట్యాగు వెంటనే ఉన్న ఒక్క కొత్త పంక్తిని పీహెచ్‌పీ విడిచిపెడుతుంది. రెండవ పంక్తి గాని, ఖాళీ గాని ఉంటే పంపివేస్తుంది. కుకీలు, దారిమార్పుల వంటి హెడర్లు పేజీ పాఠం కంటే ముందే వెళ్ళాలి కాబట్టి, ఆ ఒక్క ఖాళీ వలన హెచ్చరిక వచ్చి లాగిన్ విఫలం కావచ్చు. అవుట్‌పుట్ బఫరింగ్ ఉన్న సర్వరులో ఈ దోషం దాగి, వేరొక సర్వరుకు మారినపుడు బయటపడుతుంది. 2012 నాటి పీఎస్ఆర్-2 ప్రమాణం కూడా ఈ ట్యాగును విడిచిపెట్టాలనే చెప్పినది.

తెలుగులో వ్రాసేవారికి ఫైలు మొదట్లోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. 2019కి ముందటి విండోస్ నోట్‌ప్యాడ్, యూటీఎఫ్-8లో భద్రపరచిన ఫైలు ఆరంభంలో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తును చేర్చేది. అది ఆరంభ ట్యాగు కంటే ముందున్నది కనుక సర్వరు దానినీ పంపివేస్తుంది. అటువంటి పాత ఫైళ్ళను "బీఓఎం లేకుండా" అన్న ఎంపికతో తిరిగి భద్రపరచాలి.